పెద్దాయన చివరి డిక్టేషన్

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పెద్దాయన సంస్మరణ సంచిక కనబడింది. ముప్ఫై ఏళ్లు ఢిల్లీలో చక్రం తిప్పి, సొంతంగా పార్టీ పెట్టి, పోయేదాకా దానికి తానే అధ్యక్షుడిగా ఉన్న మనిషి. ఇక్కడున్నప్పుడల్లా ఆయనకి మా మామగారే స్టెనో. సంచికంతా తిరగేశాను. వంటమనిషికి కూడా ఒక పేజీ ఇచ్చారు గానీ, మామగారి ఊసే లేదు.

నేను గుంటూరు నుంచి నాంపల్లి స్టేషన్ వెనక ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, డెబ్బైల మొదట్లో, పెద్దాయన నిద్రలోనే పోయారు. ముందురోజు సాయంత్రం మామగారికేదో డిక్టేషన్ ఇచ్చారని ఆయన డ్రైవరు నోటివెంట బయటికి పొక్కింది. దినాలు కాకముందే పెద్దాయన కొడుకు మనుషులు ఇంటికొచ్చారు. వాళ్లు మెట్లు దిగుతుంటే పార్టీ కార్యదర్శి మనుషులు ఎక్కారు. అందరిదీ ఒకటే ప్రశ్న: తన తర్వాత ఎవరని రాయించారు? మామగారు అందరికీ చాయ్ ఇప్పించి, "ఏం రాయించలే" అన్నారు. ఆయన కార్యదర్శికి అమ్ముడుపోయారని వీళ్లూ, కొడుక్కి అమ్ముడుపోయారని వాళ్లూ అనుకున్నారు. సందు మొదట్లో పాన్ డబ్బా దగ్గర రోజుకో కొత్త మొహం నిలబడేది. మామగారు పాలవాణ్ణి కూడా ఎగాదిగా చూసేవారు. నాకేమో మామగారే ఏదో దాస్తున్నారని అనుమానం.

ఒకరోజు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నోటుబుక్కు తగిలింది. పెళ్లికి ముందు నేనూ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నానన్న సంగతి ఆయన మరిచిపోయినట్టున్నారు. చివరి పేజీ కూడబలుక్కుని చదివాను. 'పదేళ్ల కిందటే దిగిపోవాల్సింది. నా కొడుకు వద్దు, కార్యదర్శీ వద్దు. కార్యకర్తలే ఎన్నుకోవాలి.' తలెత్తితే వంటింటి గుమ్మంలో మామగారు.

"సదివినవా బిడ్డా?"

"చదివాను మామయ్యగారూ. దీన్ని దాచడం తప్పు కదా?"

"దీని మీద ఆయన దస్కత్ ఏది? పొద్దుగాల టైపు చేసి తెమ్మన్నడు. నేను పోయేసరికి ఆయననే లేడు. గిప్పుడు జూపిస్తే, నేనే రాసుకున్ననంటరు." కాస్త ఆగి, "నువ్వు జెప్పు, నువ్వన్న నమ్ముతవా?" అన్నారు.

వెంటనే నమ్ముతానని అనాల్సింది. కానీ అచ్చం ఆ పేజీలోని మాటలే, పెద్దాయన పోకముందు కూడా, అన్నం తినేటప్పుడు మామగారు గొణుక్కోవడం ఎన్నోసార్లు విన్నాను. ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడం ఆయన కంటబడింది.

"ఇంట్ల మనిషివి, నువ్వే నమ్మకపాయె," అని నవ్వి, ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టారు.

ఏడాది తిరక్కుండానే పార్టీ రెండు ముక్కలైంది. రెండు ఆఫీసుల్లోనూ పెద్దాయన ఫోటోకి ఒకేలాంటి దండ. వర్ధంతి సభలకి మామగారిని మాత్రం ఎవరూ పిలవలేదు. రెండు పక్షాలకీ ద్రోహిగానే ఆయన కన్నుమూశారు. ఆ సంగతి నాతో మళ్లీ ఎత్తనే లేదు.

కల్పించి రాసుకున్నవాడైతే దాన్ని జాగ్రత్తగా దాచుకునేవాడు గానీ, అంత తేలిగ్గా కాల్చేసేవాడా? ఈ చిన్న సంగతి తట్టడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. కాలం అనుమానం తీర్చింది గానీ, నమ్ముతున్నానని చెప్పడానికి ఆ మనిషిని అప్పటిదాకా ఉంచలేదు.