సంతకం కింద చుక్క

నకిరేకల్ మార్కెట్‌లో నిమ్మకాయల ధరలు రాసుకునే విలేకరిని నేను. నాలాంటివాడికి ఫెలోషిప్ వచ్చిందంటే యార్డులో దళారులు కూడా నమ్మలేదు. చట్టసభల పనితీరును లోపలినుంచి అధ్యయనం చేయమని విలేకరులనూ పరిశోధకులనూ ఏడాదిపాటు ఎమ్మెల్యేల ఆఫీసుల్లో కూర్చోబెట్టే పథకం అది. శిక్షణ పేరుతో మూడు రోజులు బిల్లులు, సవరణలు, సభా సంఘాలు నూరిపోసి, నన్ను పాలమూరు వైపు ఒక ఎమ్మెల్యే దగ్గర వేశారు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తెలుగు మంచిగ రాస్తవా?" అని మాత్రం అడిగారు. రాస్తానన్నాను. అంతే, నా అధ్యయనం ఆయన లెటర్‌హెడ్ మీద సిఫారసు ఉత్తరాలతో మొదలై అక్కడే ఆగిపోయింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. తాళం తీసేవాడికంటే ముందే వెళ్లి ఆఫీసు ముందు నిలబడేవాణ్ని. బదిలీలు, హాస్టల్ సీట్లు, దవాఖానలో పడకలు, ఎవరేది అడిగినా చదివినవాడి గుండె కరిగేలా రాసేవాణ్ని. సాయంత్రం కారెక్కే ముందు ఎమ్మెల్యే గారు అన్నిటినీ బానెట్ మీద పెట్టుకొని సంతకాలు చేసేవారు. జనం దండాలు పెట్టి వెళ్లేవారు. రాజ్యం నా కలం మీదే నడుస్తోందని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పేవాణ్ని.

ఆ ఉత్తరాలు తీసుకున్నవాళ్లలో గాజులమ్మే ఒక ముస్లిం పెద్దామె ఉంది. భర్తకు గుండె ఆపరేషన్ కావాలి, పట్నంలోని పెద్ద దవాఖానలో పడక దొరకడం లేదు. రాసిచ్చాను. వారం తిరక్కుండానే వచ్చింది. ఇంకొంచెం దయగా రాశాను. మూడోసారి వచ్చినప్పుడు ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది.

"బేటా, నువ్వు రాసింది ఆడ ఎవ్వలు సదువుతలేరు. కింద జూస్తున్నరు, పక్కకు పెడ్తున్నరు."

ఎమ్మెల్యే గారి పీఏను అడిగితే నవ్వాడు. "ఇన్నొద్దులాయె, నీకు తెల్వదా తమ్మీ? సంతకం కింద చుక్క ఉంటే పని చెయ్యమన్నట్టు. లేకుంటే మర్యాదకు రాసిచ్చినట్టు. ఆఫీసర్లందరికీ ఎరుకే."

నేను రాసినవాటిలో చుక్క ఉన్నవి ఎన్నని అడిగాను.

"చుక్క పెట్టేటియి నేనే రాస్త గదా," అన్నాడు.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్లూ దండాలు పెట్టించుకున్నది మర్యాద కాగితాలకా? ఆ సాయంత్రం ఆమె కోసం మరో ఉత్తరం రాసి, సంతకం అయ్యాక, ఎవరూ చూడకుండా కింద నేనే చుక్క పెట్టాను. ఆ ఏడాది నేను రాసినదాంట్లో పనికొచ్చిన రాత అదొక్కటే. నాలుగు రోజుల్లో పడక దొరికింది. ఆపరేషన్ అయింది, మనిషి బతికాడు.

కొన్నాళ్లకు భర్తను వెంటబెట్టుకొని, బుట్టెడు సీతాఫలాలతో ఆమె ఆఫీసుకొచ్చింది. "మీ సంతకమే మా ఆయన పానం నిలవెట్టింది సార్," అంది ఎమ్మెల్యేతో. ఎమ్మెల్యే గారికి ఏ సంతకమో గుర్తు లేదు గానీ ఫొటోకు మాత్రం చక్కగా నిలబడ్డారు. ఆ ఫొటోనే నా ఫెలోషిప్ నివేదికకు అట్టబొమ్మ అయింది. నివేదిక లోపల ప్రజాస్వామ్యం గురించి చాలా పేజీలున్నాయి. చుక్క గురించి ఒక్క ముక్క లేదు. పెద్దలు మెచ్చుకున్నారు.

ఆ రోజు వెళ్లబోతూ ఆమె తన వెనక నిలబడ్డ ఒక ఆడమనిషిని నా ముందుకు తెచ్చింది. "మా వాడకట్టామె. బిడ్డకు కిడ్నీలు ఖరాబైనయి. ఆమెకు గూడ ఆ దవాఖానల్నే పడక గావాలె. నాకు రాసినట్టే రాయి బేటా."

రాశాను. ఎమ్మెల్యే అక్కడే ఉన్నారు కాబట్టి సంతకమూ వెంటనే అయింది. కలం నా చేతిలోనే ఉంది. ఎదురుగా పీఏ కూర్చొని నా చేతినే చూస్తున్నాడు. నా ఫెలోషిప్ సర్టిఫికెట్ రావడానికి ఇంకా వారం ఉంది.

ఉత్తరాన్ని అట్లాగే మడిచి ఆ బిడ్డ తల్లికి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్లకద్దుకొని, నాకు దండం పెట్టి వెళ్లింది.