రెండో తుమ్ము కోసం

పోయిన నెల మా మనుమరాలు కరీంనగర్ నుంచి వచ్చి, చెప్పులైనా సరిగా విడవకముందే తన ఫోను నా చేతిలో పెట్టి, ఇందులో అడిగినవాటికి నువ్వే జవాబు చెప్పాలి అమ్మమ్మా అన్నది. ఆమెకిప్పుడు ఐదో నెల. ఈ వయసులో నన్ను పరీక్షకు కూర్చోబెట్టేవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారా అనుకుంటూ, నెత్తిమీదే ఉన్న కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతికి, చివరికి పెట్టుకుని చూస్తే అది ఆమె డాక్టరమ్మ పంపిన ప్రశ్నల పట్టీ. మీ ఇంట్లో ఎవరికి ఉబ్బసపు దమ్ము, ఎవరికి తుమ్ములు, ఎవరికి ఒంటిమీద దద్దుర్లు అన్నంతవరకు సాఫీగానే సాగింది. అలాంటి సంగతులు మా తరం ఆడవాళ్లకు కొట్టిన పిండి, మా ఇంటివే కాదు వాడకట్టు మొత్తానివీ చెప్పగలం. ఆ తర్వాతి ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది. మీ అమ్మ ఇంకా తన తల్లి కడుపులో ఉన్నప్పుడు, ఆ అమ్మమ్మ ఉన్న ఇంట్లో పొగ గానీ, పొగాకు గానీ, దుమ్ము గానీ ఉండేవా అని అడిగారు.

పక్కనే మంచంమీద కూర్చుని నా బిడ్డ, అంటే ఆ మనుమరాలి తల్లి, కాకరకాయలు తరుగుతూ మధ్యమధ్య తుమ్ముతున్నది. పుట్టినప్పటినుంచీ ఆమె తుమ్ముతూనే ఉంది. పదేళ్లు నిండకముందే దమ్ము కూడా తోడయింది. ఇప్పుడు నలభై దాటినా పర్సులో పైసలు మరిచిపోతుందేమో గాని, మందు పీల్చే గొట్టం మాత్రం మరవదు. ఆ తుమ్ముల వెనుక నేను చేసిన పని ఒకటుంది. దాన్ని నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అసలు ఎప్పటిదో నా కానుపు గోల ఇప్పుడెందుకమ్మా అని దాటవేయబోయాను. మనుమరాలు జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది, ఆమెను ఎందుకు అని అడగడమంటే గంట కొట్టి క్లాసు మొదలుపెట్టించడమే. నాకు అర్థమైనంతవరకు ఆమె చెప్పింది ఇది. మన ఒంట్లో జన్యువులనేవి అటకమీది ఊరగాయ జాడీల వంటివట. తల్లిదండ్రులనుంచి వచ్చిన జాడీలు మారవు గాని, ఏది తెరిచి ఉంది, దేని మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉంది అన్నదాన్ని బట్టి ఒళ్లు నడుచుకుంటుందట. మిథైల్ అనే చిన్న ముక్క వెళ్లి డీఎన్ఏకు అతుక్కుంటే చాలాసార్లు ఆ జాడీకి వాసెన కట్టినట్టే, దాన్నే డీఎన్ఏ మిథైలేషన్ అంటారట. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఈ వాసెనలు కట్టే పని జోరుగా సాగుతుందట. తల్లి పీల్చిన పొగ, తిన్న తిండి, పడ్డ దిగులు, పుట్టాక బిడ్డ చుట్టూ ఉన్న దుమ్ము, గొడ్డూ గోదా, అన్నీ ఆ పనిలో వేలు పెడతాయట. అక్కడ తేడా వస్తే ఒళ్లు దుమ్మును చూసి దొంగను చూసినట్టు ఉలిక్కిపడుతుందట, ఆ ఉలికిపాటే తుమ్ములూ దమ్మూ దద్దుర్లూనట. అన్నిటికంటే విచిత్రం, ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ పిల్ల కడుపులో అండాలు తయారై ఉంటాయట. అంటే నేను నా బిడ్డను మోస్తున్నప్పుడే, ఈ ఫోను పట్టుకొచ్చిన మనుమరాలికి కావలసిన సగం సామాను నా పొట్టలోనే ఉందన్నమాట.

అది విన్నాక మనసు సుల్తానాబాదులోని మా అత్తగారింటి వసారాకు పరుగెత్తింది.

మాది సాలెవాళ్ల కుటుంబం, పుట్టిల్లు హుస్నాబాదు. ఆ రోజుల్లో మా ఇళ్లలో మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతికేవాళ్లం. పెళ్లిచూపుల్లో పిల్ల పాడుతుందా, వండుతుందా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మా అత్త నా వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కంసాలి ముక్కుపుడకను చూసినట్టు చూసి, సరేనన్నది. మర్నాటినుంచే వసారాలో నలుగురు ఆడవాళ్ల వరుసలో నాకూ ఒక చోటు దొరికింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు పొడి, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కాలి బొటనవేలికి దారపు ఉండ. కొత్తకోడలికి సిగ్గుపడే తీరిక కూడా ఉండేది కాదు, తల వంచుకుని ఉండటం మాత్రం పనిలో భాగంగా దానంతటదే జరిగిపోయేది.

కడుపుతో ఉన్నప్పుడూ అదే చాట. నెలలు నిండేకొద్దీ ఒడి కురచైపోయి, చాట మెల్లగా జరిగి జరిగి పొట్టమీదికి ఎక్కింది. ఏడో నెలకల్లా అది నా గడ్డం కిందికి వచ్చి, ముక్కుకు తంబాకుకు మధ్య జానెడు దూరం కూడా మిగల్లేదు. లోపల బిడ్డ కాలు తన్నినప్పుడల్లా చాట ఎగిరి పొడి ముఖంమీద పడేది, నేను తుమ్మేదాన్ని, నా తుమ్ముకు పక్కనున్న వదిన చాట కూడా గాలికి లేచి ఆమె తుమ్మేది, అలా ఆ తుమ్ము వసారా చివరిదాకా పోయేది. మా అత్త అది చూసి మురిసిపోయి, "లోపలున్నది సుత అప్పుడే పనిలకు ఒచ్చింది సూడుండ్రి" అని వాడకట్టంతా చెప్పుకున్నది. ఆమెకు పొదుపు ఎక్కువ. కార్ఖానాలో బాగాలేవని తిప్పి పంపిన బీడీలను పారేస్తే పాపమని తలచి, ఆ పాపం ఇంటికి అంటకుండా తానే కూర్చుని కాల్చేది. పొగకు దోమలు రావని, కడుపుతో ఉన్నదానికి గాలీ ధూళీ సోకదని నన్ను పక్కనే కూర్చోబెట్టుకునేది. పాపం, నామీద ప్రేమతోనే ఆ పని చేసింది, ఇవాళ్టికీ ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

అలా పుట్టిన పిల్ల పురిట్లోనే తుమ్మింది. తుమ్మితే దిష్టి అన్నారు. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశారు. ఆ ఘాటుకు పిల్లతోపాటు మంత్రసాని కూడా తుమ్మితే, అబ్బో ఇది మామూలు దిష్టి కాదని ఇంకో గుప్పెడు వేశారు.

ఇంతవరకు చెప్పినదంతా అందరిళ్లలోనూ జరిగిందే. నా పని ఆ తర్వాతిది. ఎవరైనా బయలుదేరుతుంటే ఒంటి తుమ్ము చెడ్డదని, జంట తుమ్మైతే ఆ దోషం పోతుందని మన పెద్దవాళ్లు పట్టే శకునం మీకు తెలియనిది కాదు. తుమ్ముల పిల్ల పుట్టిన ఇంట్లో ఆ శకునం పాటించడం ఎంత కష్టమో మాత్రం మీకు తెలిసి ఉండదు. మా మామ సంతకు పోదామని గొడుగు తీస్తే తుమ్ము. మళ్లీ కూర్చుని నీళ్లు తాగి లేస్తే ఇంకో తుమ్ము. మధ్యలో నీళ్లు తాగాడు కాబట్టి ఇది మొదటిదానికి జంట కాదని, దీనికి వేరే జంట రావాలని మా అత్త తీర్పు. ఒకనాడు మూడు వరసగా వస్తే, రెండు పోగా మిగిలిన ఒకటి ఒంటిదే కదా అని నాలుగోదాని కోసం ఇంటిల్లిపాదీ పిల్ల ముక్కువైపు చూస్తూ కూర్చున్నాం. ఆ రోజు మామ సంతకు పోయేసరికి సంత ఎత్తేశారు, వంకాయలు కూడా దొరకలేదు.

మా ఆయన సంగతి అంతకంటే పెద్దది. ఇక్కడ మగ్గాలు సాగనప్పుడు ఆయన బొంబాయి దగ్గరి భివండి పోయి అక్కడి కార్ఖానాలో నేసేవాడు. పెద్దపల్లిలో రైలెక్కాలి, రైలు మన తుమ్ముల కోసం ఆగదు. పిల్లకు ఐదేళ్లప్పటి మాట, ఆయన సంచీ భుజాన వేసుకుని గడపలో కాలు పెట్టగానే, తప్పకుండా, గడియారం కొట్టినట్టు, పిల్ల ఒక తుమ్ము తుమ్మేది. ఒక్కటే. అంతకుముందు గంపెడు తుమ్మిన పిల్లే, అప్పుడు మాత్రం రెండోది రమ్మంటే వచ్చేది కాదు. అందరూ కొయ్యబారి నిలబడేవాళ్లు. మొదటిసారి మా అత్తకే ఉపాయం తోచింది. "ఏమే, గా సాట జర పోరి ముక్కు కాడికి తే, ఇంకోటి తుమ్ముతది" అన్నది. తెచ్చాను. చాట కొంచెం విసిరాను. పిల్ల తుమ్మింది, ఆయన పోయాడు, రైలు అందింది. ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకుండా పోయింది, ఆయన సంచీ తీస్తే నేను చాట తీసేదాన్ని. పిల్లకు ముక్కూ కళ్లూ ఎర్రబడి ధారగా నీళ్లు కారేవి, తంబాకు ఘాటు అనుకుని కొంగుతో తుడిచేదాన్ని.

పిల్లకు దమ్ము వచ్చి కరీంనగర్ తీసుకుపోతే, అక్కడి డాక్టరు ఇంట్లో తంబాకు పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. నేను చాట తీసుకుని పక్కింటి వసారాకు మారాను. అంటే మా తుమ్ములను పక్కింటికి సాగనంపానన్నమాట. కానీ పిల్ల పిల్లికూతలు పెడుతూ ఊపిరి తీసుకున్నప్పుడల్లా, నా చేత్తోనే చాట పట్టుకుపోయి ఆ ముక్కుకు విసిరిన సంగతి గుండెలో ముల్లులా గుచ్చేది.

అందుకే ఆ రోజు ఆ ప్రశ్న దగ్గర 'దుమ్ము, కొద్దిగా' అని మాత్రం రాయమన్నాను. మనుమరాలు నా ముఖంలోకి చూసింది. కడుపులో ఉన్న ఆ పసిదానికోసమైనా నిజం చెప్పాలి కదా అనిపించి, చాట సంగతి, గడప సంగతి, రైలు సంగతి అంతా చెప్పేసి ఏడ్చాను. ఆమె నా చేయి పట్టుకున్నది. పొగాకు పొగ ఆ వాసెనల మీద మచ్చ వేస్తుందనీ, అటువంటి పిల్లలకు దమ్ము భయం ఎక్కువనీ తెలుసు, అయినా ఫలానా మనిషికి ఫలానా చాటవల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు అమ్మమ్మా అన్నది. కొన్ని మచ్చలు కాలం గడిచేకొద్దీ పోతాయట కూడా. ఈ పట్టీ నిన్ను బోనులో నిలబెట్టడానికి కాదు, పుట్టబోయే బిడ్డను జాగ్రత్తగా చూసుకోవడానికి అన్నది.

నా బిడ్డ మాత్రం కాకరకాయలు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, గొట్టం పీల్చి, అప్పుడు నాతో చెప్పింది.

"నా తుమ్ములన్నీ నిజమే గని అవ్వా, బాపు గడప కాడ ఉన్నప్పుడు తుమ్మిన మొదటి తుమ్ము మాత్రం దొంగ తుమ్ము. బాపు పోవద్దని తుమ్మేదాన్ని. ఒంటి తుమ్మయితే పోడు గదా. నువ్వు సాట తెచ్చి రెండోది తెప్పిస్తుంటివి. గప్పుడు ఏడిస్తే తంబాకు అని తుడుస్తుంటివి."

ఆ పిల్ల ఊపిరి గురించి ఇన్నేళ్లు కుమిలిపోయాను గాని, ఐదేళ్ల వయసులో ఆ కళ్లనీళ్లు దేనివో ఒక్కనాడూ అడగలేదు. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. తన పిల్ల తనను ఆపడానికి తుమ్మేదని ఆయనకు తెలిస్తే ఒక రైలైనా వదులుకునేవాడేమో.

పట్టీలో అన్నీ ఉన్నదున్నట్టు రాయించాను. తంబాకు ఉండేదా, ఉండేది. ఎంత దగ్గర, పొట్టమీద. మనుమరాలు దాన్ని డాక్టరమ్మకు పంపించేసి, ఇక బస్సుకు వేళయిందని లేచింది. ఇప్పుడు మా వాడకట్టులో చాట పట్టే ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, మగ్గాల చప్పుడు ఎప్పుడో గాని వినపడదు. ఎవరైనా తుమ్మితే శకునం చూసేవాళ్లు లేరు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరం జరిగేవాళ్లే. ఇల్లు శుభ్రంగా ఉంది, పోయేవాళ్లు ఆగకుండా పోతున్నారు. అది మంచిదే, పసిపిల్లల ఊపిరికి ఇంకా మంచిది. అయినా గడపలో ఆగి కూర్చుని నీళ్లు తాగే ఆ నాలుగు నిమిషాలు ఎటు పోయాయా అనిపిస్తుంది.

మనుమరాలు చెప్పులు వేసుకుని గడపలో కాలు పెట్టింది. వెనకనుంచి నా బిడ్డ తుమ్మింది. ఒక్కటే.

జీవశాస్త్రం పాఠాలు చెప్పే ఆ పిల్ల ఆగింది. తల్లివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, సంచీ కింద పెట్టి, పొట్ట పట్టుకుని మెల్లగా కూర్చుని మంచినీళ్లు అడిగింది. అది నిజం తుమ్మో దొంగ తుమ్మో నేను అడగలేదు. నీళ్లు ఇచ్చి, ఇంకో బస్సు ఉందిలే అని చెప్పి, నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నాను. రెండో తుమ్ము రాలేదు, దానికోసం ఈసారి నేను లేవనూ లేదు.