బెంచీ మీది గొంతు

మినెగిషి తెత్సురో కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. అన్నం తింటున్నా కుడికాలు నేలను తడుతూనే ఉంటుంది. "మీసో సూప్ ఒలుకుతోంది, ఆ కాలు ఆపు" అని భార్య చిజురు అంటే ఆపుతాడు. అప్పుడు వేళ్ళు మొదలవుతాయి.

జపాన్‌లోని సకైమినాతొ రేవులో స్క్విడ్‌లు పట్టే పడవ మీద పనిచేసేవాడి కొడుకతను. బళ్ళో అందరికన్నా పొడుగని ఫుట్‌బాల్‌లో గోల్ ముందు నిలబెట్టారు. ఆ తర్వాత నాలుగు ఊళ్ళు, నాలుగు జట్లు మారాడు. ఎక్కడికెళ్ళినా రెండో గోల్‌కీపరే. మొదటివాడికి దెబ్బ తగిలితేనే అతనికి ఆట. తగలాలని ఏనాడూ కోరుకోలేదంటాడు. చిజురు నవ్వి ఊరుకుంటుంది. గ్లవ్స్ తొడుక్కుని బెంచీ మీద కూర్చునే, వచ్చిన ప్రతి బంతినీ లోలోపల ఆడేవాడు. భుజం పాడయ్యాక సొంత ఊరు తిరిగొచ్చి, మూడో డివిజన్‌లో ఉన్న చిన్న జట్టుకి గోల్‌కీపర్ల కోచ్ అయ్యాడు.

అక్కడ మొదటి గోల్‌కీపర్ ఒకితా. చేతులు మంచివి, గొంతే లేదు.

"బంతి నీదనిపిస్తే 'కీపర్!' అని కేకెయ్యి. ఆ మాట వింటే మనవాళ్ళు తప్పుకుంటారు. అరిచాక మాత్రం రాకుండా ఉండకు" అని మినెగిషి రోజూ చెప్పేవాడు.

ఒక శనివారం, వానలో ఆట. ప్రేక్షకుల మెట్ల మీద జనం పలచగా ఉన్నారు. కుడివైపు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. డిఫెండర్ సుగియె తలతో కొట్టబోయాడు.

"కీపర్!"

సుగియె తల వంచేశాడు. ఒకితా మాత్రం గోల్ గీత మీదే ఉన్నాడు. ఇద్దరి మధ్యా పడిన బంతిని అవతలివాడు మెల్లగా లోపలికి తోశాడు.

"పిలిచి రావేంరా?" అన్నాడు సుగియె.

"నేను పిలవలేదన్నా!"

అందరి కళ్ళూ బెంచీ వైపు తిరిగాయి. మినెగిషి లేచి నిలబడి ఉన్నాడు, నోరు ఇంకా తెరిచే ఉంది.

ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయారు. బట్టలు మార్చుకునే గదిలో అతను అందరి ముందూ నడుం వంచి "తప్పు నాదే" అన్నాడు.

"మినే సాన్, మీరు ఆడే రోజుల్లో ఇంత గట్టిగా అరిచుంటే ఇంకో రెండు ఆటలు దొరికేవి కదా" అన్నాడు సుగియె. అందరూ నవ్వారు. ఒకితా నవ్వలేదు.

హెడ్ కోచ్ అనజావా కూడా నవ్వలేదు. "ఇంకోసారి నోరు లేస్తే నీ చోటు బెంచీ మీద కాదు, మెట్ల మీద" అన్నాడు.

మినెగిషి భయం మెట్ల గురించి కాదు. ఆ వారమంతా సాధనలో ఒకితా పిలవడమే మానేశాడు. నోరు మూసుకుని బంతికోసం ఉరికి సుగియెను గుద్దేశాడు.

"పిలవవేం?"

"ఆ మాట ఇప్పుడు మీదైపోయింది, మినే సాన్. నేను పిలిచినా వాళ్ళు ముందు బెంచీ వైపే చూస్తారు."

ఇలాగే ఉంటే అనజావా ఒకితాని పక్కన కూర్చోబెడతాడు. ఆ బెంచీ మీద ఏళ్ళు ఎలా గడుస్తాయో మినెగిషికి తెలుసు.

అంతా విని చిజురు జాడీలోంచి ఉప్పులో ఊరిన పుల్లటి ప్లమ్ పండు ఒకటి తీసి ఇచ్చింది. "ఆట మొదలయ్యేటప్పుడు నోట్లో వేసుకో. గింజ ఉమ్మకు. అరవాలంటే ముందు అది అడ్డమొస్తుంది."

"మింగేస్తే?"

"కడుపులో అరుస్తుంది. జట్టుకేం నష్టం?"

ఆట రోజున అతను జట్టందరి ముందూ ఆ పండు నోట్లో వేసుకున్నాడు. "ఇవాళ నాకు నోరు లేదు. ఆ మాట ఒకితా ఒక్కడిదే."

"చెంప ఉబ్బిందేంటి, ఇంట్లో కొట్టారా?" అన్నాడు సుగియె.

పులుపు అయిపోయింది, గింజ మిగిలింది. రెండు బంతులకు ఒకితా పిలవలేదు. రెండుసార్లూ గోల్ త్రుటిలో తప్పింది. అనజావా రెండో గోల్‌కీపర్ని సిద్ధం చెయ్యమని సైగ చేశాడు. ఆ కుర్రాడు అప్పటికే గ్లవ్స్ బిగిస్తున్నాడు. మినెగిషి ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి చాపాడు.

మళ్ళీ కుడివైపు నుంచే బంతి లేచింది. అదే ఎత్తు. సుగియె పరిగెత్తాడు. మినెగిషి నాలుక పైకి లేచింది, గింజ పళ్ళకు తగిలింది. దాన్ని దవడ నొప్పెట్టేలా కొరికిపట్టాడు.

"కీపర్!"

సన్నటి గొంతు, చివర్న జీరబోయింది. సుగియె రెప్పపాటు బెంచీ వైపు చూశాడు. మినెగిషి పెదవులు బిగుసుకుని ఉన్నాయి. సుగియె వంగాడు. ఒకితా వచ్చి పిడికిళ్ళతో బంతిని అవతలికి గుద్ది, సుగియె మీదే పడ్డాడు.

"చెవి పగిలింది కదరా! కాస్త మెల్లగా పిలవొచ్చుగా!"

"సారీ అన్నా!" ఆ అరుపు మెట్లదాకా వినిపించింది.

"మినే, కూర్చో" అన్నాడు అనజావా, మైదానం మీంచి చూపు తిప్పకుండానే.

మినెగిషి కిందికి చూసుకున్నాడు. తెల్లగీత దాకా వచ్చేశాడు, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. వెనక్కొచ్చి కూర్చున్నాడు. పక్కన రెండో గోల్‌కీపర్ మెల్లగా గ్లవ్స్ విప్పుకుంటున్నాడు. ఆ కుర్రాడి కుడికాలు నేలను తడుతోంది.

మినెగిషి తన చెయ్యి అతని మోకాలి మీద వేశాడు. కాలు ఆగలేదు. చెయ్యి కూడా దానితోపాటు కదలసాగింది.