మా సంఘంలో ఆయన పేరు లేదు

పోయిన మంగళవారం పొద్దున ఆలేరు నుంచి చేనేత పని చేసే ఒకామె ఫోన్ చేసింది. "సార్, అన్న పోయిండు" అన్నది. ఏ అన్న అని అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరిదీ ఒక ఊరు కాదు, ఒక కులం కాదు. అయినా ఆమెకు ఆయన అన్న. "పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నడంట. దవాఖానకు తోలుకపోయేలోపే అయిపోయిందంట" అని చెప్పింది. తర్వాత, "ఆదివారం మీటింగుకు రమ్మని చెప్పిండు సార్ నాకు. ఇప్పుడు రావాల్నా, వద్దా?" అని అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను.

ఆయన భువనగిరిలో నేను రసాయన శాస్త్రం చెప్పిన కాలేజీలో ల్యాబ్ అటెండరు. తల్లిదండ్రులు ఒకరి పొలంలో జీతానికి ఉన్నవాళ్లు. ఆయన పదో తరగతితో ఆగిపోయాడు. సీసాలు కడగడానికి పెట్టుకున్న మనిషి, రెండేళ్లలో నాకంటే నికరంగా నీళ్లు పరీక్ష చేయడం నేర్చుకున్నాడు. ఈ మాట నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి ఈ జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వంకరపోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగినవాళ్లమే అందరం. మా విజ్ఞాన సంఘం పుట్టిందే ఊరూరి బోరు నీళ్లు పరీక్షించడానికి. నెలకొక ఆదివారం నల్గొండలో కూర్చునేవాళ్లం. మొదట్లో అందరం లెక్చరర్లం, ఇద్దరు డాక్టర్లు. ఒకరి ఉపన్యాసం ఒకరు భరించలేక ఏడాది తిరిగేసరికి సగమయ్యాం. సీసాల పెట్టె మోయడానికి నా వెంట వచ్చిన ఆయన, తిరుగు బస్సులో నెమ్మదిగా అన్నాడు:

"సార్, గిట్లయితే మీకు మీరే మిగుల్తరు."

"మరేం చేయమంటావయ్యా?"

"మెంబరుగ చేరమంటే ఎవ్వలు చేరరు సార్. నీకేం ఎరుకనో జర చెప్పుపో అనాలె. చెప్పేటందుకైతే ఎవ్వలైనా వస్తరు."

అప్పటి నుంచి మనుషులను తీసుకురావడం ఆయన పని అయింది. బోర్లు వేసే ఒక మెకానిక్‌ను పట్టుకున్నాడు. ఎంత లోతులో మట్టి రంగు మారుతుందో, ఏ రాయి తగిలితే నీళ్లు చప్పగా ఉంటాయో వచ్చి చెప్పమన్నాడు. ఆ మెకానిక్ చెప్పిన గంటసేపు మా డాక్టర్లు నోరెత్తలేదు. ఆలేరు నేతకారామె కూడా అలాగే వచ్చింది. ఏ ఊరి నీళ్లలో ఎరుపు రంగు నూలుకు సరిగ్గా పట్టదో ఆమెకు తెలిసినట్టు మాకు తెలియదు.

తెచ్చిన మనిషిని నిలబెట్టుకోవడానికి ఆయన పద్ధతులు ఆయనకు ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ల పక్కనే కూర్చునేవాడు, వెనక వరుసలో. "కొత్తోళ్లు ఒక్కలే కూసుంటే మల్ల రారు సార్" అనేవాడు. నీళ్ల ఫలితం మాత్రం ఫోన్‌లో చెప్పేవాడు కాదు. ఒకసారి ఆ బోరు మెకానిక్ ఫోన్‌లో అరుస్తుంటే ల్యాబ్ అంతా వినబడింది.

"అన్నా, మా ఇంటి బోరు నీళ్లు తాగాల్నా, తాగొద్దా? ఒక్క ముక్క చెప్పరాదే!"

"ఒక్క ముక్కల అయ్యేది గాదు తమ్మీ. ఆదివారం రా. మందేస్తే నీళ్లకు ఏం రంగొస్తదో నీ కండ్లతోని సూడు."

"నువ్వు సూసినవ్ గద!"

"నేను సూస్తే నాకెరుకైతది. నీకెట్ల ఎరుకైతది?"

నీళ్లు చెడ్డవని తేలితే మాత్రం ఆదివారం దాకా ఆగేవాడు కాదు. ఆ సాయంత్రమే బండేసుకుని ఆ ఇంటికి పోయి చెప్పి వచ్చేవాడు. ఊరించేది మంచినీళ్ల వాళ్లనే. కొన్నాళ్లకు ఈ రహస్యం అందరికీ తెలిసిపోయింది. ఆయన సతాయిస్తున్నాడంటే నీళ్లు మంచివేనని ఇంట్లో నిశ్చింతగా తాగేవాళ్లు. అయినా ఆదివారం వచ్చేవాళ్లు.

రావడం మానేసినవాళ్ల ఇంటికీ పోయేవాడు. ఎందుకు రాలేదని అడిగేవాడు కాదు. పోయిన మీటింగులో ఏం మాట్లాడామో సగం చెప్పి లేచేవాడు. తర్వాతేమైందని వాళ్లడిగితే, "నేను గూడ నడిమిట్లనే లేసొచ్చిన" అనేవాడు. అబద్ధం. చివరిదాకా ఉండి చాపలు చుట్టి, తాళం వేసి వచ్చే మనిషి ఆయన.

రాష్ట్రం వచ్చింది. తర్వాత మా జిల్లా మూడుగా విడిపోయింది. ఇక్కడ మా పెద్దమనుషులు చేసిన ఘనకార్యం చెప్పాలి. జిల్లా విడిపోతే సంఘమూ విడిపోవాలన్నారు. భూమి కింద నీళ్లకు గీతలు లేవని తెలిసినవాళ్లే ఆ మాట అన్నారు. ఎందుకంటే ఒక్క సంఘానికి ఒక్కడే అధ్యక్షుడు. మూడు సంఘాలైతే ముగ్గురు. వృక్షశాస్త్రం చెప్పే ఒకాయన ఉన్నాడు. తంగేడు పువ్వు తప్ప మరో పువ్వును గుర్తుపట్టలేడు. మా మెకానిక్ చెప్పిన మాటలన్నీ తన పేరుతో వ్యాసం రాసుకుని శాలువా కప్పించుకున్నాడు. ఆ వృక్షశాస్త్రం ఆయనే భువనగిరి సంఘానికి ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడిని నేను. నేను వద్దనలేదు.

కొత్త సంఘానికి నియమావళి రాసిందీ నేనే. అప్పట్లో ఒక చోటా నాయకుడు తన మనుషులతో కట్టలకొద్దీ సభ్యత్వ ఫారాలు నింపించి సంఘాన్ని చేజిక్కించుకోవాలని చూస్తున్నాడు. అతణ్ని ఆపడానికి ఒక వాక్యం రాశాను. డిగ్రీ ఉన్నవారే సభ్యులు, మిగిలినవారు మిత్రులు, వారికి ఓటు ఉండదు, సర్వసభ్య సమావేశంలో కూర్చునే హక్కు ఉండదు. రాసేటప్పుడు నా కళ్ల ముందు ఆ నాయకుడే ఉన్నాడు. ఇంకెవరూ లేరు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, నా ముందే సీసాలు కడుగుతున్న మనిషి గుర్తుకు రాలేదు.

ఆ కాగితాలు జిరాక్సు తీయించడానికి ఆయన చేతికే ఇచ్చాను. గంట తర్వాత వచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"సార్, మూడో పేజీ మసకగొచ్చింది. మల్ల తీపిచ్చిన."

ఆ వాక్యం ఉన్నది మూడో పేజీలోనే.

నాయకుడు నెల తిరగకుండానే డిగ్రీలున్న మనుషులను వెతికి తెచ్చుకున్నాడు. ఆ వాక్యం ఆపింది మా వాళ్లను మాత్రమే. సర్వసభ్య సమావేశం మొదలవగానే ఆయన లేచి వరండాలోకి వెళ్లేవాడు. ఆయన తెచ్చిన మనుషులూ ఆయన వెంటే వెళ్లేవాళ్లు. ఏ ఒక్కరినీ సంఘం వదలనివ్వలేదు. "మనకు పని లోపల లేదు, సీసాలల్ల ఉంది" అని వాళ్లకు చెప్పేవాడట. మెకానిక్ ఈ మాట నాతో అన్నాడు, నా మొహం చూడకుండా.

నియమం మారుస్తానని ఆయనకు మాటిచ్చాను. మార్చాలంటే సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి. డిగ్రీలున్న మా సభ్యులకు ఆదివారాలు పెళ్లిళ్లుంటాయి, ప్లాట్ల బేరాలుంటాయి. రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ చాలినంత మంది రాలేదు. మనుషులను రప్పించగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. సిగ్గు విడిచి ఆయన్నే అడిగాను.

"నీ పనికి నిన్నే తిప్పుతున్నానయ్యా."

"దాన్దేముంది సార్. ఎవ్వలెవ్వలిండ్లో చెప్పుండ్రి" అన్నాడు.

వారం రోజులు తిరిగాడు. తనను బయట కూర్చోబెట్టిన వాళ్ల గుమ్మాలెక్కి, రమ్మని అడిగాడు. ఆ ఆదివారం గది నిండింది. కుర్చీలు చాలక పక్క హోటల్ నుంచి తెచ్చాడు.

మా విషయం ఎజెండాలో ఆఖరిది. అంతకు ముందుది, సైన్స్ దినోత్సవం నాడు కలెక్టర్ పక్కన వేదిక మీద ఎవరు కూర్చోవాలన్నది. దాని మీద వృక్షశాస్త్రం ఆయన, నాయకుడి మనుషులు రెండు గంటలు కొట్లాడుకున్నారు. భోజనాల వాసన రాగానే ఒక్కొక్కరే లేచారు. నేను అధ్యక్ష స్థానంలో ఉన్నాను. కూర్చోండని గట్టిగా ఒక్క కేక వేయవచ్చు. "మిగిలింది వచ్చే సమావేశంలో చూద్దాం" అన్నాను. నాకూ ఆకలిగా ఉంది. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

చెయ్యి కడుక్కోవడానికి వరండాలోకి వెళితే, ఆయన విస్తళ్లు పంచుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఇంతమంది ఎన్నడు రాలేదు సార్. మస్తుగయింది ఇయ్యాల."

అంత మంది మళ్లీ రాలేదు.

మొన్న ఆదివారం సంతాప సమావేశం పెట్టాం. లోపల ఏడుగురం. తీర్మానం రాయబోతే ఉపాధ్యక్షుడు గొంతు సవరించుకుని, సంతాప తీర్మానం సభ్యులకే కదా, ఆయన సభ్యుడు కాదు కదా అన్నాడు. తిడదామని నోరు తెరిచాను. కానీ ఆ నియమం రాసింది నేను. చివరికి తీర్మానం లేకుండా ఒక నిమిషం మౌనం పాటిద్దామని ఒప్పుకున్నారు.

వరండా నిండా మనుషులున్నారు. లోపలికి రమ్మని పిలిచాను. నేతకారామె గడప దగ్గరే ఆగింది.

"మేం మెంబర్లం గాదు గద సార్. ఈడనే ఉంటం. అన్న గూడ ఈడనే ఉంటుండె."

నేను మళ్లీ పిలవలేకపోయాను. అందరం లేచి నిలబడ్డాం. ఉపాధ్యక్షుడు చేతి గడియారం చూసి, నిమిషం కాగానే "థాంక్యూ" అన్నాడు. కుర్చీలు చప్పుడు చేశాయి. ఎవరో ఫోన్ తీశారు. కిటికీలోంచి చూశాను. వరండాలో, మెట్ల మీద, మెట్ల కింద ఎండలో వాళ్లు తలలు వంచుకుని ఇంకా నిలబడే ఉన్నారు. మెకానిక్ టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేతకారామె చెంగు తల మీదికి లాక్కుంది. నిమిషం అయిపోయిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.