కోమాలో పెరిగిన పిల్ల

ఆ రోజుల్లో మా వీధిలో పిల్లలు పెరగడమంటే పెద్ద తలనొప్పి. వేరే ఊళ్ళలో పిల్లాడు కాస్త పొడుగైతే తల్లులు మురిసిపోయి దిష్టి తీస్తారు. మా కృష్ణానగర్లో మాత్రం గుండెలు బాదుకునేవాళ్ళు. ఎనభైల చివరి మాట. మద్రాసు నుంచి సినిమా పెట్టేబేడా సర్దుకుని హైదరాబాదు వచ్చేస్తోంది. జూబ్లీహిల్స్ అంటే సగం మేడలు, సగం బండరాళ్ళు. ఫిలింనగర్‌లో ఇంకా ఎర్రమట్టి దారులే. కొండమీద స్టూడియోలు, కొండకింద కృష్ణానగర్లో, యూసుఫ్‌గూడలో మేం. అంటే లైట్లు మోసేవాళ్ళు, మేకప్పు వేసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆ పిల్లల్లో మొహం కాస్త కళగా ఉన్నవాళ్ళు బాలనటులు. నిన్నటిదాకా హీరో చిన్నప్పటి వేషాలు వేసినవాడికి ఒక్క వేసవిలో గొంతు బొంగురుపోయి, కాళ్ళు సాగాయంటే, ఇక వాడి మొహం చూసేవాడుండడు. (ఇదంతా నేను కుదురుగా కూర్చుని రాస్తున్నాననుకునేరు. నాకు కూర్చోవడం చేతకాదు. ఈ కాస్తా రాసేలోపే పొయ్యి మీద పాలు చూడ్డానికోసారి, వీధిలో ఎవరో అరిస్తే ఓసారి లేచాను. ఎందుకిలా తయారయ్యానో చెప్పడానికే ఈ గొడవంతా.)

అలాంటి వీధిలో నేనొక వింత. నేను పెరగడం మానేశాను. మా నాన్న సినిమాలకి బట్టలు కుట్టే టైలరు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసింది స్నానానికి వెళ్ళేటప్పుడే. ఏడేళ్ళప్పుడు నాకు కుట్టిన పరికిణీ పదేళ్ళు దాటాక కూడా అతికినట్టు సరిపోయేది. “మా అమ్మాయికి టేపు అక్కర్లేదయ్యా, కొలతలు నాకు నోటికొచ్చు” అని సెట్లో గొప్పలు పోయేవాడు. నా తర్వాత మూడేళ్ళకి పుట్టిన తమ్ముడు నా ఎత్తు దాటేసి, వెక్కిరించడం కూడా మొదలుపెట్టాడు. కొత్తవాళ్ళెవరైనా “మీ అన్నయ్యా పాపా?” అని అడిగితే వాడు అన్నయ్యలాగే నా జడ లాగేవాడు. అమ్మ మాత్రం దాన్ని దేవుడిచ్చిన వరమనుకుంది. ప్రతి శుక్రవారం నాకు దిష్టి తీసి, “ఎవరి కళ్ళూ పడకుండా ఇలాగే ఉండాలి తల్లీ” అని మెటికలు విరిచేది.

పైగా నేను సెట్లో మహా బుద్ధిమంతురాలిని. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. అరిచేదాన్ని కాదు, ఆకలని అడిగేదాన్ని కాదు. మిగతా పిల్లలు లైట్ల వైర్లలో కాళ్ళుపెట్టి పడుతుంటే నేను మే నెల ఎండలో స్వెట్టరు వేసుకుని ఓ మూల కునికేదాన్ని. బూరెల్లాంటి బుగ్గలు, వాలిపోయే కళ్ళు. అందుకని జబ్బు పిల్లల వేషాలన్నీ నావే. హీరోయిన్ ఒళ్ళో జ్వరంతో పడుకున్న పాప, హీరో భుజం మీద స్పృహ తప్పిన పాప, ఆస్పత్రి మంచం మీద ఊపిరి సన్నగిల్లిన పాప. నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. “మంచం పాపని పిలవండయ్యా” అంటే నేనన్నమాట. నేను నటిస్తున్నానని అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. నిజానికి నిద్రపోయేదాన్ని. బళ్ళో పంతులమ్మ మాత్రం నటన అనుకోకుండా నిద్రమొహం అని తిట్టి బెంచీ ఎక్కించేది. ఎక్కినా కునికేదాన్ని.

అప్పుడొచ్చింది ఒక పెద్ద సినిమా. అమ్మానాన్నలు పోట్లాడుకుని విడిపోతారు, ఆరేళ్ళ పాప మేడమెట్ల మీంచి దొర్లి కోమాలోకి పోతుంది. మంచానికి చెరోపక్కా నిలబడి వాళ్ళు పాట పాడతారు, పాట చివర పాప కళ్ళు తెరుస్తుంది. ఆ పాప నేను. మెట్ల మీంచి పడడం, ఆస్పత్రిలో చేర్చడం తీశారు. పాట తియ్యాల్సి ఉండగా హీరోగారు వేరే సినిమాకి వెళ్ళిపోయారు. నెలల తరబడి రాలేదు. ఈలోగా మా ఇంటి ఓనరమ్మ రంగంలోకి దిగింది.

ఓనరమ్మ మాలా వలస వచ్చింది కాదు, పుట్టి పెరిగింది ఇక్కడే. పెద్ద నోరు, పెద్ద చెయ్యి. ఓ పొద్దున్న మెట్ల దగ్గర కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తూ నన్ను పైనుంచి కిందకి చూసింది. “ఏందమ్మా, మీరు కిరాయికి దిగినప్పుడు గీ కుండీల మొక్క, నీ బిడ్డ ఒక్కతీరుగుండె. మొక్క నా మెడదాక వచ్చింది. నీ బిడ్డ గట్లనే ఉన్నది, ఏంది కత?” అంది అమ్మతో. అమ్మ గర్వంగా “దేవుడి దయండీ” అంది. ఓనరమ్మ చెంబు కిందపెట్టింది. “దయ లేదు, గియ లేదు. మొకం ఉబ్బింది, ఎండల సలి అంటది. జర దవాఖానకు తీస్కపో. నువ్వు తీస్కపోకుంటే నేనే ఎత్తుకపోత.” అన్నంత పనీ చేసింది. నన్ను చంకనేసుకుని ఆటో ఎక్కింది. వెనకాలే అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది.

పిల్లల డాక్టరమ్మ నా మెడ తడిమింది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది (కాలు కాసేపు ఆలోచించుకుని గానీ లేవలేదు), చేతికి ఎక్స్‌రే తీయించింది, రక్తం పరీక్షకి పంపింది. అన్నీ వచ్చాక అమ్మకి ఓపిగ్గా చెప్పింది. “మెడలో ఇక్కడ థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందమ్మా. పిల్లలు పెరగాలన్నా, చురుగ్గా ఉండాలన్నా దాని రసం కావాలి. మీ పాపకి అది సరిగ్గా పనిచెయ్యట్లేదు. అందుకే ఈ నిద్ర, ఈ చలి, ఈ మలబద్ధకం. భయమేం లేదు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. ఒక్కరోజు కూడా మానకూడదు.”

అమ్మ గొంతు తగ్గించి అడిగింది. “అయితే... పెరిగిపోతుందా అండీ?”

“పెరుగుతుందమ్మా! బ్రహ్మాండంగా పెరుగుతుంది!”

అమ్మ మొహం వాడిపోయింది. పాపం డాక్టరమ్మకి మా వీధి సంగతి తెలీదుగా, తన మాట అర్థం కాలేదేమోనని ఇంకా గట్టిగా, ఇంకా సంతోషంగా మళ్ళీ చెప్పింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆనందబాష్పాలనుకుని డాక్టరమ్మ భుజం తట్టింది.

మాత్ర మొదలైంది. కొన్నాళ్ళు ఏమీ లేదు. తర్వాత ఓ పొద్దున్న నాకు మెలకువ వచ్చింది. అంటే రోజూ లేచేదాన్నే, కానీ దుప్పటి మనసులోంచి కూడా తొలగినట్టు లేవడం అదే మొదలు. వీధిలో పాలసైకిలు గంట అంత గట్టిగా మోగుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆకలి వేసింది. స్వెట్టరు విప్పి పారేశాను. మేడ మీదకి ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. ఎందుకని అడక్కండి, మెట్లున్నాయి గనక. ఊడనని మొండికేసిన పాలపళ్ళు టపటపా రాలాయి. బుగ్గలు దిగాయి. పరికిణీ కిందనుంచి పిక్కలు బయటపడ్డాయి. నాన్న మెళ్ళో టేపు తీసి నా పక్కన పట్టి, “ఇదేంటే!” అని, మళ్ళీ పట్టి, ఎవరూ చూడకుండా నా తల నిమిరాడు. ఆ రాత్రే కూర్చుని పరికిణీకి అంచు విప్పాడు. తమ్ముడు నా పక్కన నిలబడడం మానేశాడు. అమ్మ దిష్టి తియ్యడం మానేసింది.

అప్పుడు హీరోగారు తిరిగొచ్చారు.

సెట్లో నన్ను చూసి డైరెక్టరుగారు “ఈ పిల్లెవరు?” అన్నారు. “మన మంచం పాపేనండీ” అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. డైరెక్టరుగారు పాత ఫొటో చూశారు, నన్ను చూశారు. “కోమాలో ఉన్న పిల్ల పెరుగుతుందేంటయ్యా?”

“గ్లూకోజు ఎక్కిస్తున్నాం కదండీ” అన్నాడు మేనేజరు.

పెద్ద మంచం తెచ్చారు, నేను చిన్నగా కనబడాలని. దిండ్లు కూడా పెద్దవి వేశారు. మోకాళ్ళు మడిచి దుప్పటి కప్పారు. అంతా బాగానే ఉంది గానీ, నేను కదలకుండా ఉండలేకపోయాను. ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. పాట మొదలవగానే నా కాలి బొటనవేలు దుప్పటి కింద తాళం వేసేది. లైటు స్టాండ్ల మీద వేసే ఇసుక సంచులు తెచ్చి కాళ్ళ మీద పెట్టారు. అప్పుడు ముక్కు దురద పుట్టింది. తల్లి వేషం ఆవిడ కళ్ళల్లో గ్లిజరిన్ వేసుకుని “చిట్టితల్లీ!” అని నా మీద పడితే, గ్లిజరిన్ చుక్క చెవిలోకి జారి కిసుక్కున నవ్వాను. “కట్!” మళ్ళీ తీశారు. ఈసారి ఒక కన్ను తెరిచి చూశాను, అందరూ ఏం చేస్తున్నారో అని. “కట్! కోమా తల్లీ, కోమా! ఊపిరి తప్ప ఇంకేం ఉండకూడదు!” అని డైరెక్టరుగారు టోపీ నేలకేసి కొట్టారు.

సాయంత్రం మేనేజరు అమ్మని పక్కకి పిలిచాడు. “అమ్మా, ఆ మాత్రేదో ఈ పాట అయ్యేదాకా ఆపండి. పిల్ల మళ్ళీ నిమ్మళిస్తుంది. తర్వాత రోజుకి రెండేసి వేస్తే లెక్క సరిపోతుంది.” అమ్మ నన్ను తీసుకుని బయల్దేరింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో నా చెయ్యి వదల్లేదు. “పెరిగితే పాప వేషాలు ఎవరిస్తారే నీకు? హీరోయిన్ వేషాలకి ఎన్నేళ్ళుండాలి? మధ్యలో ఎవరు పిలుస్తారు?” అంది, నాతో అన్నట్టూ కాదు.

మర్నాడు పొద్దున్న మాత్ర ఇవ్వలేదు. “డబ్బా అయిపోయింది, నాన్న తెస్తారు” అంది. కానీ నేను చూశాను. వంటింటి గోడకి నాపరాయి అరలు ఉండేవి. అన్నిటికంటే పైది, నాకూ తమ్ముడికీ అందకూడనివి దాచే అర. బెల్లం, జంతికలు అక్కడే ఉండేవి. దానిమీద, ఆవకాయ జాడీ వెనకాల, మందు డబ్బా మూత కనిపిస్తోంది.

నాకు భయం వేసింది. అప్పటిదాకా జీవితంలో దేనికీ అంత భయపడలేదు (భయపడ్డానికి కూడా మెలకువ ఉండాలి కదా). మళ్ళీ ఆ దుప్పటి కిందికి పోతాను. మళ్ళీ పాలసైకిలు గంట వినబడదు. మళ్ళీ తమ్ముడు అన్నయ్యవుతాడు. అమ్మ నీళ్ళకి వెళ్ళగానే అర కింద నిలబడి, మడమలు లేపి, చెయ్యి చాచాను. మునుపు ఎంత సాగినా దాని కింది అర దాకానే నా చెయ్యి వెళ్ళేది. ఇంకాస్త సాగాను. వేళ్ళకి జాడీ తగిలింది. ఇంకాస్త. డబ్బా తగిలింది.

“ఎలా అందిందే నీకు?”

గుమ్మంలో అమ్మ, నడుం మీద బిందెతో. నేను చెయ్యి దించలేదు. దించితే మళ్ళీ అందదేమోనని. “అందిందమ్మా” అన్నాను, ఏడుపొచ్చేసింది. అమ్మ నా వేళ్ళకేసి చూసింది, అక్కణ్ణుంచి నా మడమల దాకా చూసుకుంటూ వచ్చింది, నన్నెప్పుడూ చూడనట్టు. బిందె దించింది. దగ్గరికొచ్చి డబ్బా తనే తీసింది.

“పరగడుపునే ఉన్నావుగా? ఏం తినలేదుగా?” అని అడిగి, గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఆ రోజు సెట్లో మేనేజరు దగ్గరికి నేరుగా వెళ్ళి, “మా పిల్ల పెరుగుతుందండీ. మీ పాపని ఏం చేసుకుంటారో మీ ఇష్టం” అంది. “అయ్యో, సినిమా ఏమైపోవాలమ్మా?” అన్నాడతను. “కోమాలో ఉన్నదానికి ఎవరైతేనేమండీ?” అంది అమ్మ. అందరి కళ్ళూ, సెట్లో ఇడ్లీల కోసం మాతో వచ్చిన తమ్ముడి మీద పడ్డాయి. వాడు ఇడ్లీ మింగేలోపే విగ్గు పెట్టి, నుదుటికి కట్టు కట్టి, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు తగిలించారు. ఏసీ చల్లగా ఉంది, మంచం మెత్తగా ఉంది. పాట రెండో చరణానికి వాడు గుర్రు పెట్టాడు. తల్లి వేషం ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని మంచం మీద వాలిపోయింది. “అద్భుతం!” అన్నారు డైరెక్టరుగారు. థియేటర్లో ఆవిడ భుజాలు అదురుతుంటే చూసి ఆడవాళ్ళంతా వెక్కివెక్కి ఏడ్చారు.

కళ్ళు తెరిచే షాటు మాత్రం నాదే, మొహం వరకే. అది ఒక్క టేకులో ఓకే అయింది. నిద్రలోంచి లేవడం ఎలా ఉంటుందో అప్పటికి నాకు బాగా తెలుసు.

తర్వాత అమ్మ భయపడ్డట్టే నన్నెవరూ పిలవలేదు. నాన్న ఓణీ కుట్టాడు. నేను బళ్ళో పరుగు పందేల్లో పడ్డాను. ఇప్పటికీ మధ్యాహ్నాలు టీవీలో ఆ సినిమా వస్తే తమ్ముడు ఫోన్ చేసి, “చూడవే, సినిమాని నిలబెట్టింది నేనే” అంటాడు. పడిపోయింది నేను, పడుకుంది వాడు, లేచింది మళ్ళీ నేను.

మాత్ర ఇంకా రోజూ వేసుకుంటూనే ఉన్నాను. మా ఆయన డబ్బాని మంచం పక్కన పెట్టుకోమంటాడు, చేతికి అందేలా. నేను మాత్రం వంటింట్లో అన్నిటికంటే పై అరలోనే పెడతాను. ఇప్పుడు మడమలు లేపక్కర్లేకుండానే అందుతుంది. అయినా పొద్దున్నే ఎవరూ లేవకముందు అక్కడ నిలబడి, ఓసారి లేపుతాను.