వంటింటి గోడకు రెండు కిటికీలు

మా చిన్నప్పుడు... విజయవాడ సత్యనారాయణపురంలోని మా వంటింట్లో అడుగుపెడితే కళ్లు మండిపోయేవి. మూడు వైపులా గదులు, నాలుగో వైపు కిటికీ లేని ఇటుక గోడ. పెంకుల సందుల్లోంచి తప్ప పొగ పోయే దారి లేదు.

గ్యాసు కాఫీలకే. మిగతా వంటంతా పొట్టు పొయ్యి మీద. కట్టెల అడితి నుంచి రంపప్పొట్టు గోనెసంచుల్లో వచ్చేది. పొయ్యి డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, మంటకు దారి మిగిలేలా సీసాని మెల్లగా పైకి లాగడం నా పని. అది అవగానే పెరట్లోకి పరుగు... లోపల అమ్మ దగ్గుతూ ఉండేది.

నాన్న తలుచుకుంటే ఆ గోడకో కిటికీ పెట్టించడం ఎంత పని అనుకునేదాన్ని. ఇంటర్‌లో ఉండగా ఒకరోజు అన్నాల దగ్గర అడిగేశాను కూడా. "అమ్మ దగ్గు మీకు వినపడదా నాన్నా?"

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తలెత్తకుండా చారు వడ్డిస్తోంది. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ తర్వాత ఆయనతో ముభావంగానే ఉండిపోయాను. నాన్న పోయి పదకొండేళ్లు. ఇప్పుడు మావారు, పిల్లలతో నేనూ ఆ ఇంట్లోనే అమ్మ దగ్గర ఉంటున్నాను.

ఈమధ్య అమ్మకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "మీ ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్లున్నారా?" అని అడిగారు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తాగలేదు. ఇప్పుడు అంతా గ్యాసే అయినా తాలింపు ఘాటుకే ఆవిడకు ఊపిరాడటం లేదు. ఇంటికి రాగానే మేస్త్రీకి కబురు చేశాను.

మేస్త్రి గోడ మీద సుద్దతో ఒక చదరం గీశాడు. పక్కనే ఇంకోటి గీశాడు.

"ఒకటి చాలదా నాయనా?" అంది అమ్మ, గుమ్మంలో కుర్చీ వేసుకుని.

"ఒకటైతే ఇంట్లో కిటికీలు బేసి లెక్కవుతాయమ్మా. రేపు మీకు జలుబు చేసినా నన్నే అంటారు."

గోడ తట్టి చూసి, "ఇన్నేళ్లూ ఈ చీకట్లో ఎట్టా వండారమ్మా? అయ్యగారు పట్టించుకోలేదా?" అన్నాడు.

నేను అందుకునేలోపే అమ్మ అంది, "ఆయన్నేం అనకు. రెండుసార్లు మేస్త్రీని తీసుకొచ్చారు. నేనే తిప్పి పంపించేశాను."

చేతిలోని టీ గ్లాసులు కింద పెట్టేశాను.

"నువ్వా? ఎందుకమ్మా?"

"కిటికీ పెడితే పొగ పోదూ? పొగ పోతే అందరూ లోపలికొస్తారు. ఆ పొగకే మీ నాయనమ్మ వచ్చేది కాదు, మీ మేనత్తలు వచ్చేవాళ్లు కాదు, మీరూ వచ్చేవాళ్లు కాదు. తొమ్మిది మంది ఉన్న కొంపలో నాదంటూ ఉన్నది అదొక్కటేనే."

"లోపల ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను... పీట వేసుకుని కూర్చునేదాన్ని."

"మరి నాన్న ఆరోజు నాతో ఆ మాట అనొచ్చుగా?"

"చెప్పద్దన్నాను. మీ నాయనమ్మ చెవిన పడితే ఊరుకుంటుందా? మమ్మల్ని తప్పించుకోడానికి పొగలో దాక్కుంటోందని వీధంతా చెప్పొచ్చేది." కాసేపు ఆయాసపడి, నెమ్మదిగా అంది. "నువ్వు ఆయన్ని అన్నప్పుడన్నా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది... చెబితే నా చోటు పోతుందని ఊరుకున్నా."

మేస్త్రి సుత్తి పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కొట్టమంటారా, వద్దంటారా అమ్మా?"

"కొట్టు నాయనా. ఇంక ఊపిరి కావాలిగా."

మూడు వారాలైంది. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. చదువుకున్నదాన్ని, మా ఇంటి సంగతి నాకంతా తెలుసనే అనుకున్నాను. ఎవరి మీద జాలిపడ్డాను, ఎవరి మీద కోపం పెంచుకున్నాను... ఒక్కసారి అమ్మనే అడిగి ఉంటే? అడిగినా చెప్పేది కాదేమో. నాన్నకు మాత్రం ఇంక ఏమీ చెప్పుకోలేను.

కిటికీలు వచ్చేశాయి. గాలి బాగుందని పిల్లలు ఫోన్లు పట్టుకుని వంటింట్లోనే ఉంటున్నారు. మావారు పేపరు అక్కడికే తెచ్చుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం అమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపల మా అందరినీ చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది...

మీ అమ్మకు మీ ఇంట్లో ఎవరూ రాని చోటు ఏదో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఇవాళే వెళ్లి అడగండి... నేను చాలా ఆలస్యం చేశాను.