పెద్దమ్మ కంచం

మా పెదనాన్న కడుపునొప్పికి మా ఇంట్లో ఒకటే కారణం, పెద్దమ్మ వంట. చోడవరం చుట్టుపక్కల ఎవరు ఏ చూర్ణం చెప్పినా ఆయన మింగేవాడు గానీ, తప్పు మాత్రం ఎప్పుడూ పులుసుదే. పెద్దమ్మ ముందు మిరపకాయలు మానేసింది, తరవాత చింతపండు, చివరికి పోపు కూడా. ఇంటిల్లిపాదీ ఉడకేసిన బీరకాయ తిన్నాం. ఆయన నొప్పి తగ్గలేదు.

"ఒసే, నీ సేతిలోనే ఏదో ఉందే!" అని కంచం తోసేసి లేచేవాడు. ఆ కంచంలోనే అన్నం పెట్టుకుని తినేది పెద్దమ్మ. మొగుడి కంచంలో తింటే పుణ్యమట. అంత పుణ్యం ఊరికే వస్తుంటే, పెళ్లాం కంచంలో తిన్న మగాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు.

తొంభైల చివర్లో ఒకరోజు ఆయనకు వాంతిలో రక్తం పడింది. విశాఖపట్నం తీసుకెళ్లాం. డాక్టరు గొట్టం వేసి చూశాడు, చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాడు. కారం కాదు, క్రిమి అన్నాడు.

"చెరకు వేస్తారా? కడుపు లోపలి పొరా తోటలాంటిదే. ఈ క్రిమి కణాలను చంపుతుంటుంది. గాయం పూడ్చుకోవడానికి పొర గబగబా కొత్త కణాలను పుట్టిస్తుంటుంది. కొత్తగా నాటకుండా, నరికిన దుబ్బులనే మళ్లీ చిగురించడానికి వదిలేసి, ఏళ్ల తరబడి కార్శి పంట మీద కార్శి పంట తీస్తే తోట ఏమవుతుంది?"

"సెడిపోద్ది బాబూ," అన్నాడు పెదనాన్న. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే మనిషికి అంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఇదీ అంతే. అలా చెడి, ఒక్కోసారి కేన్సరు దాకా పోతుంది. మీకింకా అంత రాలేదు. మందులు మధ్యలో ఆపకండి."

ఆయన మొహం పాలిపోయింది. బుద్ధి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. "అయితే ఆ పురుగు ఈవిడ సేతినుంచే వచ్చుంటాది బాబూ," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరు పెద్దమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీకెప్పుడైనా నొప్పి వచ్చిందా?"

"రోజూ వస్తాది బాబూ. సెప్తే, నా వంట నాకే పడలేదంటారని సెప్పలేదు."

డాక్టరు ఆవిడకూ పరీక్ష రాశాడు. "ఇది నోటినుంచి నోటికి అంటుకోవచ్చు. ఇకమీద ఎవరి కంచం వాళ్లదే," అన్నాడు.

చోడవరంలో బస్సు దిగగానే పెద్దమ్మ తిన్నగా సామాన్ల కొట్టుకు నడిచి ఓ స్టీలు కంచం తీసుకుంది. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా పెదనాన్న పేరే ఉంటుంది.

"ఎవరి పేరు కొట్టమంటారమ్మా?" అన్నాడు కొట్టతను.

"నాదే బాబూ. కూసింత లోతుగా కొట్టు."